12 ఏళ్ల బాబుకి 61 కిలోలు: ముందు మార్చాల్సింది ఇంటి వేళలు

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. మా వారిది కొబ్బరి వ్యాపారం. బాబు ఏడో తరగతి, ఈమధ్యే 12 నిండాయి. ఎత్తు 150 సెంటీమీటర్లు, బరువు 61 కిలోలు. పొద్దున ఏడింటికి స్కూలు బస్సెక్కుతాడు. స్టడీ అవర్స్ అయ్యాక అటునుంచి అటే ట్యూషన్‌కి వెళ్లి రాత్రి ఎనిమిదిన్నరకి ఇల్లు చేరతాడు. మధ్యలో ఆకలికి బండి దగ్గర పునుగులో నూడుల్సో తిని ఒక కూల్‌డ్రింకు తాగుతాడు. వచ్చాక వాళ్ల మామ్మ దగ్గర కూర్చుని అన్నం తింటాడు, పదకొండున్నర దాకా ఫోను చూస్తాడు. ఏడాదిగా మెడ వెనక నల్లగా పట్టింది, సున్నిపిండి పెట్టి ఎంత రుద్దినా పోవడం లేదు. స్కూల్లో పిల్లలు ‘బొండాం’ అని పిలుస్తున్నారట. ఆటల పీరియడ్ ఉన్న రోజు కడుపునొప్పి అంటాడు. పది రోజుల నుంచి లావు తగ్గాలని పొద్దున టిఫిన్ మానేశాడు. థైరాయిడ్ ఉందేమో చూపించమని ఒకరు, మీ వంశమే అంత అని ఒకరు అంటున్నారు. మా వారూ లావే, మా అత్తయ్యగారికి షుగరు. వీడికి అన్నం మాన్పించి కొర్రలు పెట్టమంటారా? తెలిసినవాళ్లు బరువు తగ్గే పొడి డబ్బా తెచ్చిచ్చారు, వాడొచ్చా? జిమ్‌లో చేర్పించాలా?
– ఒక తల్లి, కోనసీమ

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరం చదువుతుంటే 61 కిలోల దగ్గర కన్నా ఆ మెడ మీది నలుపు దగ్గరే నా చూపు ఎక్కువసేపు నిలిచింది. అది మట్టి కాదు, మురికి అసలే కాదు. ఇవాళ్టి నుంచి రుద్దడం మానేయండి. రుద్దినకొద్దీ చర్మం కమిలి ఇంకా నల్లబడుతుంది. పైగా తన ఒళ్లు శుభ్రంగా లేదని వాడే నమ్మడం మొదలుపెడతాడు.

ఒంట్లో ఇన్సులిన్ ఉండాల్సిన దానికన్నా ఎక్కువ తిరుగుతున్నప్పుడు మెడ వెనక, చంకల్లో చర్మం ఇలా దళసరిగా మారి నల్లబడుతుంది. మనం తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలోకి వస్తుంది. దాన్ని కండల్లోకి పంపే పని ఇన్సులిన్‌ది. పొట్ట లోపల కొవ్వు పేరుకుంటే కండలు ఇన్సులిన్ మాట సరిగ్గా వినవు. అప్పుడు క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదిలి పని జరిపిస్తుంది. కొన్నేళ్లు అలా నెట్టుకొచ్చి, చివరికి అలిసిపోయినవాళ్లకి షుగరు వ్యాధి వస్తుంది. మీ బాబు ఇప్పుడు ఆ నెట్టుకొచ్చే దశలో ఉన్నాడని నా అనుమానం. భయపడకండి, ఈ దశలో ఉన్న పిల్లలు వెనక్కి రాగలరు. కానీ ఊరుకోవడానికి మాత్రం లేదు. ఈ నెలలోనే అమలాపురంలోనో రాజమండ్రిలోనో పిల్లల డాక్టరుకి చూపించండి. పరగడుపు షుగరు, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్, లివర్‌కి సంబంధించిన ఎస్‌జీపీటీ, బీపీ చూస్తారు. హెచ్‌బీఏ1సీ 5.7 లోపు ఉంటే మంచిది. 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే షుగరు గుమ్మం దాకా వచ్చినట్టు. వెళ్లినప్పుడు రెండు విషయాలు మీరే చెప్పండి. నిద్రలో గట్టిగా గురక పెడుతున్నాడా, మధ్యలో ఊపిరి ఆగినట్టు అవుతోందా? మోకాలు గానీ తుంటి గానీ నొప్పని కుంటుతున్నాడా? ఈ కుంటడం అనేది ఉంటే నెల కూడా ఆగొద్దు, వెంటనే తీసుకెళ్లండి. బరువున్న పిల్లల్లో ఈ వయసులో తుంటి ఎముక జారే జబ్బు ఒకటి ఉంది.

థైరాయిడ్ సంగతి. థైరాయిడ్ తక్కువైన పిల్లల్లో ముందుగా దెబ్బతినేది ఎత్తు. మీ వాడు 12 ఏళ్లకి 150 సెంటీమీటర్లు ఉన్నాడు, వయసుకి తగ్గ ఎత్తే. ఏటా ప్యాంట్లు పొట్టి అవుతున్నాయంటే కారణం థైరాయిడ్ అయ్యే అవకాశం చాలా తక్కువ. డాక్టరు రాస్తే ఆ పరీక్ష చేయించండి గానీ, దాని మీద ఆశ పెట్టుకుని మిగతావి వాయిదా వేయకండి.

ఇక బరువు. కిలోలని మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే మీ బాబుకి 27 వస్తుంది, బీఎంఐ అంటారే, అదే ఇది. పిల్లలకి పెద్దవాళ్ల లెక్క పనికిరాదు, వయసుని బట్టి చూడాలి. మన దేశంలో పిల్లల డాక్టర్ల సంఘం 2015లో సవరించిన ఎదుగుదల పటాలున్నాయి. వాటిలో పెద్దవాళ్ల బీఎంఐ 23కి సమానమైన గీత దాటితే అధిక బరువు, 27కి సమానమైన గీత దాటితే ఊబకాయం. 12 ఏళ్ల వయసులో ఆ గీతలు 23, 27 కన్నా బాగా కిందే ఉంటాయి కాబట్టి మీ వాడు రెండూ దాటాడు. ఇంట్లో మీరే చూసుకోవడానికి ఇంకో సులువైన కొలత ఉంది. దర్జీ టేపుతో నడుం కొలవండి. అది ఎత్తులో సగం దాటకూడదు, అంటే మీ వాడికి 75 సెంటీమీటర్లు.

అయినా నేను బరువు తగ్గించమని చెప్పడం లేదు. పెరగకుండా నిలబెట్టమంటున్నాను. మగపిల్లలు చకచకా పొడుగయ్యేది 13, 14 ఏళ్లప్పుడు. ఆ ఏడాది ఒక్కదానిలోనే ఎనిమిది, పది సెంటీమీటర్లు పెరుగుతారు. మీ బాబు 165 సెంటీమీటర్లకి వచ్చేనాటికి ఇదే 61 దగ్గర ఉంటే ఆ 27 కాస్తా 22 చిల్లరకి దిగుతుంది. ఎదిగే వయసు మీకు ఇస్తున్న అవకాశం ఇది, పెద్దవాళ్లకి దొరకదు. పరీక్షలు చూశాక డాక్టరు నెమ్మదిగా కొంత తగ్గాలని చెప్పినా, ఇంట్లో మీరు చేయాల్సిన పనులు ఇవే. వాడిని పస్తులు ఉంచడం మాత్రం ఏ లెక్కలోనూ లేదు. ఎముకా కండా కట్టే కాలంలో తిండి మాన్పిస్తే ఆగిపోయేది ఎత్తే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మీరు రాసిన వాడి రోజుని ఒకసారి మళ్లీ చూడండి. ఏడింటికి బస్సంటే ఆరింటికన్నా లేవాలి. పదకొండున్నరకి పడుకుంటున్నాడు. ఆరున్నర గంటల నిద్ర. 12 ఏళ్ల పిల్లలకి కనీసం 9 గంటలు కావాలి. పొద్దున ఏడు నుంచి రాత్రి ఎనిమిదిన్నర దాకా కూర్చునే ఉంటున్నాడు: బస్సులో, క్లాసులో, స్టడీ అవర్‌లో, ట్యూషన్‌లో. మధ్యాహ్నం భోజనానికీ రాత్రి భోజనానికీ మధ్య బండి తప్ప ఇంకేం లేదు. ఇందులో వాడు పెట్టుకున్న వేళ ఒక్కటైనా ఉందా? బస్సు, స్టడీ అవరు, ట్యూషను, బండి దగ్గరికి ఇచ్చే డబ్బులు అన్నీ మనం పెట్టినవే. రోజంతా మనం చెప్పినచోట కూర్చుని, రాత్రి అన్నం తిన్నాక ఆ ఫోను ఒక్కటే తనదిగా మిగుల్చుకున్నాడు. అలాంటి పిల్లాడికి ‘నోరు కట్టుకో, ఒళ్లు వంచు’ అని చెప్పడం అన్యాయం. మార్చాల్సింది ముందు మనం.

కాబట్టి నేను అడిగే మొదటి మార్పు కంచంలో కాదు, ట్యూషన్‌లో. వారంలో కనీసం మూడు రోజులు ట్యూషన్ మాన్పించండి. ఏడో తరగతి పిల్లాడికి స్టడీ అవర్స్ మీద మళ్లీ ట్యూషన్ ఎందుకో నాకు అర్థం కాదు. మార్కులు తగ్గుతాయని మీ వారు అంటారేమో. నిద్ర చాలని పిల్లాడికి పాఠం గుర్తుండదు, ఆ మాట చెప్పండి. నిద్ర తగ్గితే ఆకలి పుట్టించే హార్మోను పెరుగుతుంది, కడుపు నిండిందని చెప్పేది తగ్గుతుంది. మర్నాడు సాయంత్రం కాళ్లు బండి వైపు లాగేది అందుకే. ఆ మూడు రోజులూ ఆరున్నరకల్లా ఇల్లు చేరితే ఏడున్నరకి భోజనం, తొమ్మిదికల్లా పడక కుదురుతాయి. మిగతా రోజుల్లో తొమ్మిదిన్నరకైనా దీపాలు ఆర్పండి. ఫోను వాడి చేతిలోంచి లాక్కోవద్దు. తొమ్మిదికి మీ ఫోను, మీ వారి ఫోను, వాడి ఫోను మూడూ హాల్లో ఒకేచోట ఛార్జింగ్‌కి పెట్టండి. నాన్న మంచం మీద పడుకుని వీడియోలు చూస్తూ కొడుకుని వద్దంటే ఏ పిల్లాడూ వినడు.

తిండిలో ముందు తాగేవి మార్చండి, ఎందుకంటే అవి కడుపు నింపవు, చక్కెర మాత్రం నింపుతాయి. 250 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకులో పాతిక గ్రాములకి పైనే చక్కెర ఉంటుంది, అయిదారు చెంచాలు. కలిపి తినే చక్కెర వీలైతే రోజుకి సుమారు 25 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. అంటే ఆ ఒక్క సీసాతో రోజు కోటా అయిపోయింది. పాలలో కలిపే పొడి డబ్బా ఇంట్లో ఉంటే దాని వెనక చూడండి. ఏది ఎక్కువుంటే దాని పేరు ముందు రాస్తారు, చక్కెర ఎన్నో వరుసలో ఉందో తెలిసిపోతుంది. అంబాజీపేట కొబ్బరి వ్యాపారి ఇంట్లో బిడ్డ కూల్‌డ్రింకు తాగడం నాకు నిజంగా బాధగా ఉంది. బొండాం నీళ్లలో అందులో సగం చక్కెర కూడా ఉండదు. అదీ రోజుకొకటి చాలు. మిగతా దాహానికి మంచినీళ్లు, పల్చటి మజ్జిగ.

సాయంత్రం ఆకలి నిజమైన ఆకలి, దాన్ని కాదనకండి. బండి డబ్బులు ఇచ్చే బదులు డబ్బాలో ఏదైనా పెట్టి పంపండి. ఉడికించిన వేరుసెనక్కాయలు, సెనగ గుగ్గిళ్లు, రెండు జాంకాయలు, ఉడికించిన గుడ్డు, చలికాలంలో తేగలు. పునుగులు పూర్తిగా నిషేధించొద్దు. శనివారం నాన్నతో కలిసి వెళ్లి తినేలా పెట్టుకోండి. పొద్దున టిఫిన్ మానేయడాన్ని మాత్రం ఒప్పుకోకండి. ఇడ్లీ అయినా పెసరట్టు అయినా, ఏదో ఒకటి తిని బస్సెక్కాలి. పొద్దున తినని పిల్లలకి సాయంత్రానికి ఆకలి ఆగడం కష్టం.

అన్నం మాన్పించే ఆలోచన వదిలేయండి. 100 గ్రాముల కొర్రల్లోనూ 100 గ్రాముల బియ్యంలోనూ శక్తి దాదాపు ఒకటే. కొర్రల్లో పీచు ఎక్కువ, అది మంచిదే, వాడికి నచ్చితే వారంలో రెండు రోజులు వండండి. కంచం నిండా పెట్టుకుంటే మాత్రం ఏదైనా ఒకటే. అన్నంలోకి కూర కలుపుకోవడం మన అలవాటు. దాన్ని తిరగేసి కూరలోకి అన్నం కలుపుకోవాలి. కంచంలో సగం కూరగాయలు: ఆనపకాయ, బీరకాయ, దొండకాయ, తోటకూర, ఏదైనా సరే. పావు వంతు అన్నం. ఇంకో పావు పప్పో, గుడ్డో, చేపో. చేపలకి లోటు లేని సీమ మనది. శీలావతి గానీ బొచ్చె గానీ పులుసు పెట్టండి, వేపుడు ఎప్పుడో ఒకసారి. దంపుడు బియ్యం దొరికితే ఇంటిల్లిపాదికీ అదే వండండి. వాడికి వేరే వంట, మీకు వేరే వంట వద్దు. బాబు ముందు ఆనపకాయ కూర పెట్టి పక్కన తండ్రికి వేపుడు వడ్డిస్తే అది వాడికి శిక్షలా ఉంటుంది.

మీ అత్తయ్యగారి విషయం కాస్త జాగ్రత్తగా చేయాలి. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు వేళ కాని వేళ వచ్చినవాళ్లకి కూడా వండి వడ్డించిన సీమ ఇది. వద్దంటున్నా మారు వడ్డించడం ఇక్కడ ఆప్యాయత. ఆవిడ ఆకలితో వచ్చినవాళ్లకి పెట్టారు. మన పిల్లలకి మనం ఆకలి వేయకముందే పెడుతున్నాం, తేడా అక్కడుంది. రోజంతా కనపడని మనవడు రాత్రి వచ్చి పక్కన కూర్చుంటే ఆ పెద్దావిడ చేతులు ఊరుకోవు, అందులో తప్పేమీ లేదు. మీరు కోడలిగా చెబితే అది ఇంకోలా వినపడొచ్చు. మీ వారిని చెప్పమనండి, అదీ బాబు ఎదురుగా కాదు. ‘అమ్మా, వీడి మెడ నలుపు షుగరుకి ముందు వచ్చే గుర్తట’ అంటే చాలు. రోజూ మాత్ర మింగుతున్న మనిషికి ఆ మాట బరువు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. వడ్డించే పని ఆవిడ దగ్గర నుంచి తీసుకోవద్దు. మారు అన్నం బదులు మారు కూర, మారు మజ్జిగ వడ్డించమని అడగండి. పుల్లలాంటి పిల్లాడే మంచి పిల్లాడని మీరెవరూ అనుకోవడం లేదని కూడా ఆవిడకి తెలియాలి. సంక్రాంతికి అరిసెలు, పెళ్లిలో కాజా, ఎవరైనా ఆత్రేయపురం నుంచి పూతరేకులు తెస్తే ఒకటి, అవన్నీ తిననివ్వండి. పండగ వల్ల ఎవరికీ ఊబకాయం రాలేదు. డబ్బాల్లో మిగిలిపోయి నెల్లాళ్లు ఇంట్లో ఉండే మిఠాయితోనే తంటా. పండగ మర్నాడే పంచిపెట్టేయండి.

ఒళ్లు కదలడం గురించి. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకి రోజుకి 60 నిమిషాలు ఆయాసం వచ్చే ఆటో పనో ఉండాలి. ఒకేసారి గంట అక్కర్లేదు, ముక్కలుగా అయినా సరే. జిమ్ అవసరం లేదు. డెల్టా నేల చదునుగా ఉంటుంది, కాటన్ దొర ఆనకట్ట నాటి కాలవల పక్కన గట్లు ఉన్నాయి, సైకిల్‌కి ఇంతకన్నా మంచి చోటు ఎక్కడుంది? ట్యూషన్ లేని సాయంత్రాలు తండ్రీకొడుకులు ఇద్దరూ చెరో సైకిలు తీసుకుని గట్టు మీద అరగంట తొక్కి రావాలి. 216 హైవే మీదికి మాత్రం వద్దు. ‘ఇద్దరూ’ అన్నది ఊరికే అనలేదు. మీ వారికీ ఇది అవసరమే, వాడికి తోడూ దొరుకుతుంది. ఈత చాలా మంచిది, బరువున్న పిల్లల కీళ్లకి శ్రమ ఉండదు. కానీ కాలవలోకి గానీ వైనతేయ రేవులోకి గానీ బాగా ఈతొచ్చిన పెద్దవాళ్లు పక్కన లేకుండా ఎప్పుడూ దిగనివ్వకండి. ఏటా మన దగ్గర ఎంతమంది పిల్లలు నీళ్లలో పోతున్నారో మీకు తెలుసు. వానాకాలంలో వసారాలో తాడాట, సూర్య నమస్కారాలు. షటిల్ అంటే ఇష్టమైతే ఇంకా మంచిది, ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకం తెచ్చిన సాత్విక్ సాయిరాజ్‌ది అమలాపురమే.

చాలామంది గమనించని విషయం ఒకటుంది. లావుగా ఉన్న పిల్లలు పరుగులో వెనకబడతారు గానీ బలంలో చాలాసార్లు తోటివాళ్లకన్నా ముందుంటారు. మన స్కూళ్లలో ఆటల పీరియడ్ అంటే మైదానం చుట్టూ పరిగెత్తించడమే. రోజూ చివరన వచ్చే పిల్లాడికి కడుపునొప్పి రాక ఏం చేస్తుంది? బలం పనికొచ్చే ఆట చూడండి. షాట్‌పుట్, కబడ్డీ, తాడు లాగుడు ఆడించమని పీఈటీ మాస్టారిని అడగండి. ఆదివారం కొట్లో తండ్రి పక్కన కాయలు ఎత్తి పెట్టనివ్వండి. ఒక్క దానిలో గెలిచిన పిల్లాడు మిగతా వాటికి తానే వస్తాడు.

ఆ కడుపునొప్పికి ఇంకో కారణం కూడా ఉండొచ్చు. ఈ వయసులో మగపిల్లల్లో సగానికి పైగా మందికి రొమ్ముల దగ్గర కాస్త గట్టిగా, నొప్పిగా ఉబ్బుతుంది. ఒంట్లో హార్మోన్లు మారడం వల్ల వచ్చేదే, చాలామందిలో ఒకటి రెండేళ్లలో పోతుంది. లావుగా ఉన్న పిల్లల్లో ఇది ఎక్కువ కనపడుతుంది. ఒంటికి అతుక్కునే ఆటల టీ-షర్టు వేసుకోవాలంటే వాళ్లకి ప్రాణం మీదికొస్తుంది. తల్లికి చెప్పరు. మీ వారిని ఒంటరిగా ఉన్నప్పుడు మాట్లాడమనండి, తనకీ ఆ వయసులో ఇలాంటి సిగ్గులు ఉండేవని చెప్పమనండి. ఒక సైజు పెద్ద టీ-షర్టు కొనివ్వండి.

‘బొండాం’ అన్న పిలుపుని చిన్న విషయంగా తీసుకోకండి. ఎగతాళి చేస్తే పిల్లలు బరువు తగ్గరు, దాచుకుని తింటారు. క్లాస్ టీచర్ని విడిగా కలిసి చెప్పండి, వాడిని పక్కన నిలబెట్టి కాదు. ఇంట్లోనూ లావు మాట, పోలికల మాట ఎత్తొద్దు. పెళ్లిళ్లలో ఏ బాబాయో పొట్ట తట్టి నవ్వితే మీ వారే అక్కడికక్కడ ఆపాలి. రోజూ బరువు చూడటం వద్దు, నెలకోసారి చాలు. వాడు భోజనాలు ఎగ్గొట్టడం పెరిగినా, తినగానే బాత్రూంలోకి వెళ్లి తలుపేసుకుంటున్నా, తిండి దాస్తున్నా అది మొండితనం కాదు, డాక్టరుకి చెప్పాల్సిన సంగతి.

పొడి డబ్బా ఇచ్చినవాళ్లకి తిరిగి ఇచ్చేయండి. ఎదిగే పిల్లల మీద అలాంటి వాటితో ప్రయోగాలు వద్దు. వంశం మాట కొంత నిజమే. మన భారతీయుల ఒంట్లో అదే బరువున్న పాశ్చాత్యులకన్నా కొవ్వు ఎక్కువ, కండ తక్కువ. అయితే అదే వంశంలో మీ మావయ్యగారి తరం ఈ వయసులో ఎలా ఉండేదో అత్తయ్యగారిని అడగండి. బడికి నడిచి వెళ్లిన మనుషులు వాళ్లు.

మొదటి నెలలో ముల్లు కదలకపోతే కంగారు పడకండి. మెడ నలుపు పోవడానికి కూడా నెలలు పడుతుంది. అంతకన్నా ముందు తెలిసేవి వేరే ఉన్నాయి: నడుం కొలత, మేడ మెట్లెక్కితే వచ్చే ఆయాసం, పొద్దున లేపకుండానే లేవడం. మూడు నెలలయ్యాక ఎత్తు, బరువు, నడుం కొలత మూడూ రాసి, పరీక్షల కాగితాల్లో ఉన్న అంకెలతో మళ్లీ ఉత్తరం రాయండి. అప్పుడు బరువు విషయం ఇంకోసారి చూద్దాం.